ఆయన స్థానంలో ఎవరు?

ఆ రోజు ఉదయం దర్జీ ఆవిడ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. రెండు ప్యాంట్లకు కింద మడత కుట్టాలి, ఒక కోటు చంకల్లో వదులు చేయాలి, ఆ తర్వాత వీధి చివరి ఫోన్ల షాపుకు వెళ్లి, పోయిన నెల చనిపోయిన భర్త నంబరు తీసేయించాలి. మొదటి రెండూ చేతికి అలవాటైనవే. మూడోదాన్ని మాత్రం ఇవాళ రేపంటూ జరుపుకొస్తోంది.

"అమ్మా, ఈ రోజైనా ఆ నంబరు తీసేయించు. అది మోగినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటోంది" అంది కూతురు, ఆఫీసుకు బయలుదేరుతూ.

"సర్లేవే, వెళ్తాను. నువ్వు బస్సు చూసుకో" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మనిషి పొడుగు, మాట పొట్టి. ఇంట్లో అడిగినదానికి "ఊఁ" అనేవాడు, అడగనిదానికి అదీ అనేవాడు కాదు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి ఫోను పట్టుకుని వరండాలో కూర్చుంటే చాలు, తనలో తాను నవ్వుకునేవాడు. ఆ ఫోనులో ఏముందో ఆవిడ ఏనాడూ అడగలేదు. సవతి ఊసు ఎవరైనా అడుగుతారా?

ఫోనులో ఉన్నది కొంగలు. అంటే కొంగ బొమ్మను గుర్తుగా పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు, దాని అభిమానుల గ్రూపు. ఆ జట్టు అవతలి గోల్ ముందు నిలబడి చక్కగా కొంగజపం చేసేది, చేప మాత్రం ఎప్పుడూ పడేది కాదు. ఏటా సీజనుకు ముందు జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక దక్కుతుంది. కొంగలు ముందుండేది ఆ ఒక్కచోటే. పై లీగువాళ్లు మాత్రం డ్రాఫ్టుతో పని లేకుండా, నచ్చిన కుర్రాణ్ణి ఎప్పుడైనా ఎగరేసుకుపోవచ్చు.

గ్రూపును నడిపేది మందుల షాపాయన. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరినైనా తిట్టవచ్చు, 'గారు' లేకుండా మాత్రం తిట్టకూడదు. అందువల్ల అక్కడ తగాదాలన్నీ "తమరి బుర్ర పనిచేస్తున్నట్టు లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను" అనే ధోరణిలో సాగేవి. లిఫ్టు మెకానిక్కు ఎప్పుడూ గోలీల పక్షం, అంటే గోల్ కాచేవాళ్ల పక్షం. అందుకే అందరూ ఆయన్ని 'గోడ గారు' అనేవారు. ఎదుటి పక్షం పశువుల డాక్టరుది. గోల్స్ కొట్టేవాడు లేకుండా గోలీ ఎందుకన్నది ఆయన వాదన. ఏళ్ల తరబడి ప్రతి డ్రాఫ్టుకూ ఇద్దరూ ఒకరినొకరు 'గారు' అనుకుంటూ చీల్చి చెండాడుకున్నారు, ముఖాలు మాత్రం చూసుకోలేదు. పైగా గోడ గారి మాటకు గ్రూపులో విలువెక్కువ. కొంగల క్లబ్బు ఆఫీసులో లిఫ్టు చూసేది ఆయనే మరి. లిఫ్టు బాగుచేసేవాడి ముందు పెద్దమనుషులు నోళ్లు అదుపులో పెట్టుకోరు.

ఈసారి గోడ గారు పట్టుబట్టింది పొడుగోడు అనే పంతొమ్మిదేళ్ల గోలీ కోసం. గ్రూపు నియమం ప్రకారం పొడుగోడు గారు. పశువుల డాక్టరు పట్టు గోల్స్ కొట్టే బుల్లెట్ గారి కోసం. మర్నాడే డ్రాఫ్ట్. నెల్లాళ్లుగా గోడ గారు పలకడం లేదు. ఆ కుర్రాడు డ్రాఫ్టులో ఉన్నాడో లేదో తెలియక పశువుల డాక్టరు ఆ ఉదయం ఇలా రాశాడు. "ఇంతకీ ఆయన ఉన్నట్టా, లేనట్టా? ఒక్క ముక్క చెప్పి పుణ్యం కట్టుకోండి."

కుట్టు మిషను మీద ఉన్న ఫోను వెలిగింది. ఆవిడ చదివింది. ఫోను తన భర్తది, అడిగేది ఆయన గురించే అనుకుంది. ఫోను ఎవరి చేతిలో ఉందో అవతలివాళ్లకు తెలియదన్న సంగతి ఆవిడకు తట్టలేదు. పాపం ఎవరో ఆరా తీస్తున్నారు, చెప్పకపోతే బాగుండదు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేతి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసింది.

"ఆయన లేరు."

గ్రూపు గొల్లుమంది. "లేరా! ఎక్కడికి వెళ్లారు?" అన్నాడు పశువుల డాక్టరు.

ఇదేం ప్రశ్న అనుకుంది ఆవిడ. "పైకి" అని రాసింది.

"పై లీగువాళ్లు ఎగరేసుకుపోయారన్నమాట! ఎప్పుడు జరిగింది?" అని ఎవరో రాశారు. ఆవిడ ముందున్న మాట వదిలేసి ప్రశ్న మాత్రం చదివింది.

"పోయిన నెల. నిద్రలోనే."

"చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. మనవాళ్లు నిద్రపోతుంటే పోయారండీ, నిద్రపోతుంటే!"

"ఎవరూ ఆపలేకపోయారా?" అని మరొకరు అడిగారు.

"డాక్టరు వచ్చేసరికే అయిపోయింది" అని రాసింది ఆవిడ.

పశువుల డాక్టరు నొచ్చుకున్నాడు. "నన్నెవరు పిలిచారండీ? పిలిస్తే రాకపోయేవాణ్ణా? వాదన వాదనే, కష్టం కష్టమే."

ఆవిడకు కళ్లు చెమర్చాయి. ఎంత మంచి మనిషి అనుకుంది. ఇన్నాళ్లూ ఆ ఫోనులో సవతి ఉందనుకుంది గానీ, ఇంతమంది ఆత్మబంధువులున్నారని అనుకోలేదు. కళ్లు తుడుచుకునే లోపే మళ్లీ ఆయన దగ్గర్నుంచే ఇంకొకటి వచ్చింది.

"జరిగిందేదో జరిగింది. ఆయన స్థానంలో ఎవరిని తీసుకుంటే బాగుంటుందని తమ ఉద్దేశం? మా బుల్లెట్ గారు సిద్ధంగా ఉన్నారు. వయసులో ఉన్నారు, మంచి ఊపు మీదున్నారు."

సూది వేలిలో దిగింది. ఆవిడ ఆ నెత్తురైనా చూసుకోలేదు. నెల తిరిగీ తిరక్కముందే ఎంత మాట! అక్షరాలు వెతుక్కోకుండా గబగబా కొట్టేసింది. "ఆయన స్థానంలో ఎవరూ రారు. బుల్లెట్టూ వద్దు, తుపాకీ వద్దు. ఆ చోటు ఖాళీగానే ఉండనివ్వండి."

"బుల్లెట్ గారు అనాలి" అన్నాడు మందుల షాపాయన. "బాధలో ఉన్నారు కనుక ఈసారికి ఊరుకుంటున్నాను."

కానీ గోడ గారు ఇంత ఆవేశపడటం ఎవరూ చూసి ఎరగరు. ఆ మాట ఒక నోటి నుంచి పది నోళ్లకు పాకింది. మధ్యాహ్నానికల్లా 'ఆయన స్థానం ఖాళీగా ఉంచండి' అన్నది ఒక నినాదమైపోయింది. పొడుగోణ్ణి చేజార్చుకున్నందుకు, సాయంత్రం క్లబ్బు ఆఫీసు ముందు నల్ల రిబ్బన్లతో నిరసన అని మందుల షాపాయన ప్రకటించాడు. కోటు పనిలో పడి ఆవిడ అది చూడలేదు. చూసింది పశువుల డాక్టరు విడిగా రాసినదే. "సాయంత్రం క్లబ్బు ఆఫీసు దగ్గరికి మీరు తప్పకుండా రావాలి. మనవాళ్లంతా నల్ల రిబ్బన్లు కట్టుకుని వస్తున్నారు. మీరు మాట్లాడకపోతే ఈ సభకు అర్థం లేదు."

సంతాప సభ! ఆవిడ మిషను ఆపేసింది. ఆయన్ని సాగనంపిన రోజు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇరుగుపొరుగు వచ్చారు, కంపెనీ నుంచి ఒకడు వచ్చి చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. బతికినన్నాళ్లు చప్పుడు చేయని మనిషికి ఇంతకంటే ఎవరొస్తారులే అని సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడమే నెల్లాళ్లుగా ఆవిడకు మింగుడుపడటం లేదు. కోటు పక్కన పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసి కట్టుకుని బస్సెక్కింది.

క్లబ్బు ఆఫీసు ముందు వీధంతా జనమే. అట్టముక్కల మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'ఆయన స్థానం ఖాళీగా ఉంచండి.' 'మా మనిషిని మాకు తెచ్చివ్వండి.' 'మీరు లేని గోల్ మాకు చీకటి.' మూడోది అర్థం కాకపోయినా మొదటి రెండూ చదివేసరికి ఆవిడ ఆఫీసు మెట్టు మీద కూర్చుండిపోయింది. పక్కనున్నవాళ్లెవరో మంచినీళ్లిచ్చారు.

"తమరు?" అన్నాడు మందుల షాపాయన.

"ఫోనులో మీరంతా గోడ గారంటారే, ఆయన భార్యనండీ."

"అయ్యో, రండమ్మా! మిమ్మల్ని పంపారన్నమాట. ఆయనెప్పుడూ అంతే, తెర వెనకే ఉంటారు."

"ఇంక తెర వెనకేగా నాయనా" అంది ఆవిడ.

ఆయనకు అది వినయంలా వినిపించింది. మైకు చేతికిచ్చాడు. జీవితంలో ఎన్నడూ మైకు పట్టని మనిషి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆయన గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదండీ. నెమ్మదైన మనిషి. ఎవరికీ అడ్డం వచ్చేవారు కాదు."

జనంలో గుసగుసలు లేచాయి. అడ్డం రాని గోలీ ఏమిటి? "నేనూ అదే కదా మొత్తుకుంది" అని పశువుల డాక్టరు పక్కవాడితో మెల్లగా అన్నాడు.

"మోకాళ్లు అరిగిపోయాయండీ. నాకు తెలిస్తే బాధపడతానని దాచుకున్నారు" అందావిడ. మూడో అంతస్తు కిటికీలో నిలబడి వింటున్న క్లబ్బు కార్యదర్శి ఆ మాటకు ఉలిక్కిపడి లోపలికి వెళ్లాడు. "మంచి మాట చెప్పడం వచ్చేది కాదు ఆయనకి. కానీ వెనకాల ఆయనున్నారు కదా అని నేను ఏ రోజూ దేనికీ భయపడలేదండీ. ఇప్పుడు తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటున్నాను."

గోలీ గురించి ఇంత బాగా చెప్పినవాళ్లు ఆ గ్రూపులో లేరు. గడ్డాలు మాసిన మగవాళ్లు ముక్కులు చీదుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఒక స్కూటరు వచ్చి ఆగింది. వెనక కూర్చున్న తల్లి కొడుకును ముందుకు తోసింది. ఆ కుర్రాడే పొడుగోడు. తాను పై లీగుకు వెళ్లిపోయానని పొద్దుట్నుంచీ ఊరంతా అంటుంటే, తనకు మాత్రం ఎవరూ చెప్పకపోవడంతో కంగారుపడి వచ్చాడు.

"ఏమండీ, నేనెక్కడికీ పోలేదండీ! ఇక్కడే ఉన్నాను!"

వీధి మార్మోగిపోయింది. "ఉన్నారు! ఆయన ఉన్నారు! చూడండి, ఆయన ఉన్నారు!"

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. అందరి తలలకూ పైగా ఒక పొడుగాటి తల ఇటే వస్తోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆవిడ మొహం పెళ్లినాటి మొహమైంది. ఆ తల దగ్గరికొచ్చింది. దాని కింద మూతి మీద నూనూగు మీసాల కుర్రాడొకడున్నాడు.

ఆ మొహం వెలగడం, ఆరడం రెండూ చూసినవాడు పశువుల డాక్టరొక్కడే. నోరులేని జీవాల మొహాలు చూసి జబ్బు పట్టుకోవడమే ఆయన పని. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అమ్మా, గోడ గారు..."

"పొద్దున్నే చెప్పాను కదండీ" అందావిడ. "లేరని."

ఆ మాట మైకులోంచి వీధి చివరి దాకా వినిపించింది. కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎత్తిన అట్టముక్కలను దించాలో ఉంచాలో ఎవరికీ తెలియలేదు. వాటి మీద రాసి ఉన్నది చదువుకుని, ఎత్తే ఉంచారు. పొడుగోడు కూడా పక్కవాడి చేతిలో అట్టముక్కొకటి తీసుకుని ఎత్తాడు.

పశువుల డాక్టరు ఆవిడ పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు. "ఇన్నేళ్లు రోజూ కొట్లాడుకున్నామమ్మా. ఆయన పేరైనా నాకు తెలియదు."

ఆవిడ చెప్పింది. ఆయన దాన్ని లోపల్లోపల పలికి చూసుకున్నాడు.

"నా గురించి ఎప్పుడైనా ఏమైనా రాశారా?" అని అడిగింది ఆవిడ, చీర అంచు సరిచేసుకుంటూ.

"ఒక్కసారి రాశారు. 'ఇంట్లో ఎలాగూ గెలవలేను, దయచేసి ఇక్కడైనా గెలవనివ్వండి డాక్టరు గారూ' అన్నారు."

"గెలవనిచ్చారా?"

"లేదమ్మా" అన్నాడు ఆయన, తలవంచుకుని.

మర్నాడు డ్రాఫ్ట్ జరిగింది. మోకాళ్లు అరిగిన, ఎవరికీ అడ్డం రాని గోలీ మాకెందుకని క్లబ్బువాళ్లు బుల్లెట్ గారిని తీసుకున్నారు. ఈ గొడవంతా ఎవరి గురించా అని ఆరా తీసిన పై లీగువాళ్లు పొడుగోడి ఆట చూసి, అదే సాయంత్రం అతణ్ణి ఎగరేసుకుపోయారు. కావాలనుకున్న ఆటగాడే జట్టులోకి వచ్చినా పశువుల డాక్టరుకు అన్నం సహించలేదు. గెలిచానని చెప్పుకోవలసిన మనిషి లేడు.

"అంతా నా వల్లే జరిగింది. క్షమించండి" అని ఆవిడ గ్రూపులో రాసింది.

"గోడ గారి కబురు ఏనాడూ తప్పలేదమ్మా, కాస్త ముందు అందిందంతే" అని మందుల షాపాయన బదులిచ్చాడు. నంబరు అలాగే ఉంచమని అందరూ అడిగారు. ఆవిడ కూతురితో చెప్పింది. కూతురు వెళ్లి ఫోనుకు ఛార్జింగు పెట్టింది.

కాసేపటికి పశువుల డాక్టరు రాశాడు. "బుల్లెట్ గారు మహా వేగం. దీనికి ఎవరైనా అభ్యంతరం చెబితే బాగుండును."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని బుల్లెట్ గారి ఫోటో తెరిచింది. చాలాసేపు చూసి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాసింది. "నిక్కరు నడుం దగ్గర వదులుగా ఉంది. పరిగెత్తితే ఒక చేత్తో పట్టుకోవాలి. వేగం ఎక్కడ్నుంచి వస్తుందండీ, డాక్టరు గారూ?"

"సవినయంగా విభేదిస్తున్నాను" అని అటునుంచి వెంటనే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ చీకటిపడే దాకా నిక్కరు గురించి వాదించుకున్నారు.

ఆ ఏడు కూడా కొంగలు అట్టడుగునే నిలిచాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ ఏ అపార్థమూ కలగలేదు.