ముళ్లపంది అడిగిన గుర్తుమాట

ఒక పెద్ద అడవిలో, కొండ కింది గుహలో, జంతువులన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి కొట్టు ఉండేది. వేసవి వస్తే వాగులు ఎండిపోతాయి, చెట్లు మోడవుతాయి. అందుకని ఇప్పపువ్వు, ఎండు రేగుపళ్లు, తేనెపట్లు ముందే అందులో దాచుకునేవి. ఆ కొట్టు ఖాళీ అయిందంటే పిల్లలకి పస్తులే.

కొట్టు భద్రత ఎలుగుబంటి వీరభద్రంది. ఆయనకి కంచెలంటే ప్రాణం. గుహ చుట్టూ మూడు వరసల ముళ్లకంచె కట్టించాడు. వారానికో గుర్తుమాట పెట్టాడు. అది చెబితేనే తలుపు తియ్యాలి.

"ఇక చీమ కూడా దూరలేదు," అని సభలో రొమ్ము విరుచుకుని చెప్పాడు. చీమలు అప్పటికే లోపల ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

కాపలాకి నాంచారమ్మ అనే ముళ్లపందిని పెట్టారు. కన్నతల్లి వచ్చినా గుర్తుమాట చెప్పందే పక్కకి జరిగేది కాదు.

ఒకరోజు మృగరాజు బావమరిది, చిరుతపులి చక్రధరం వచ్చాడు.

"తలుపు తియ్. తేనె కావాలి."

"గుర్తుమాట చెప్పండి బాబూ."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు బాబూ. మీకు గుర్తుమాటే తెలిసినట్టు లేదు."

సాయంత్రానికల్లా ఫిర్యాదు రాజుగారి చెవిన పడింది. "పెద్దాచిన్నా తెలియని కాపలా ఎందుకు?" అన్నాడు మృగరాజు. నాంచారమ్మని మూడు రోజులపాటు మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టారు. అడవంతా చూసి జాలిపడింది. నక్క పానకాలు మాత్రం జాలిపడకుండా శ్రద్ధగా చూశాడు.

నాలుగు రోజులు గడిచాక పానకాలు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

"నాంచారమ్మా, చక్రధరం బాబుగారు పంపారు. ఇంటికి చుట్టాలొచ్చారట. రెండు బుట్టల ఇప్పపువ్వు కావాలట. అర్జెంటు!"

"గుర్తు..." అని ఆగిపోయింది నాంచారమ్మ.

"అడుగు తల్లీ, అడుగు. అడిగావనే బాబుగారితో చెబుతాను. నాకేం పోయింది?"

ఆ ఎండ మళ్లీ వీపు మీద మండినట్టయింది. నాంచారమ్మ తలుపు తీసింది. పైగా బుట్టలు ఎత్తడానికి తనూ ఓ చెయ్యి వేసింది.

ఆ నెలలో పానకాలు ఏడుసార్లు వచ్చాడు. చివరికి "బాగున్నావా అక్కా" అనేంత చనువు కూడా ఏర్పడింది.

ఎండలు ముదిరాక ఉడుత తన ముగ్గురు పిల్లలతో వాటా కోసం వచ్చింది. చూస్తే సగం బుట్టలు ఖాళీ. అడవంతా గగ్గోలు. వెంటనే సభ పెట్టారు.

వీరభద్రం కంచెని మూడుసార్లు కొలిచి వచ్చాడు. "మహారాజా, ఒక్క ముల్లు కూడా వంగలేదు. కాబట్టి కంచె చాలలేదని తేలింది. నాలుగో వరస మంజూరు చెయ్యండి."

చక్రధరం బాబుగారి పేరు చెబితే తలుపు తీశానని నాంచారమ్మ ఒప్పుకుంది. మృగరాజు ఆమె వైపు తిరిగి గర్జించాడు. "గుర్తుమాట ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఎండలో నిలబెట్టారు. అడగకపోతే ఇప్పుడు నిలదీస్తున్నారు." నాంచారమ్మ ఒకడుగు ముందుకేసింది. "రెంటిలో మీకేది ఇష్టమో చెప్పండి మహారాజా, అదే చేస్తాను."

చక్రధరం తన గోళ్లు చూసుకోసాగాడు. ఉడుత పిల్ల ఒకటి ఆకలికి ఏడుపు అందుకుంది.

మృగరాజు గొంతు సవరించుకున్నాడు. "ఇకమీదట ఎవరొచ్చినా అడుగు. నేనొచ్చినా సరే!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకి మురిసిపోయి, రాజుగారు తానేం అన్నాడో మరిచిపోయాడు. పానకాలు ఆ సభకి రాలేదు. అవతలి కొండ మీద ఇప్పపువ్వు అమ్ముకునే పనిలో ఉన్నాడు.

పది రోజులకి మృగరాజే తేనె కోసం కొట్టు దగ్గరికి వచ్చాడు.

"గుర్తుమాట చెప్పండి మహారాజా."

"కుందేలు."

"అది పోయిన వారానిది."

రాజు గర్జించాడు. నాంచారమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అయినా తలుపు దగ్గర్నించి కదల్లేదు. "తమరి ఆజ్ఞే మహారాజా," అంది. వాటా కోసం వరసలో ఉన్న జంతువులన్నీ చూస్తున్నాయి. మాట వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. రాజుగారు కంచె నీడన కూలబడి, ఆ మాటేమిటా అని బుర్ర గోక్కోసాగాడు.

సరిగ్గా అప్పుడే పానకాలు రొప్పుకుంటూ వచ్చాడు.

"అక్కా, తియ్ తియ్! ఈసారి మహారాజే పంపారు. ఆకలితో నకనకలాడుతున్నారు!"

"గుర్తుమాట?"

"అడుగుతావా? మహారాజుతో చెప్పనా?"

"చెప్పు. కంచె పక్కనే కూర్చున్నారు."

పానకాలు తిరిగి చూశాడు. మృగరాజు లేచి నిలబడ్డాడు. పానకాలు ఒక్క గంతు వేసి కంచెలో ఇరుక్కున్నాడు.

అవతలి కొండ మీద మిగిలిన తొమ్మిది బుట్టలు తిరిగొచ్చాయి. ఉడుత పిల్లలు కడుపు నిండా తిన్నాయి. నక్కని పట్టింది కంచేనని వీరభద్రం నివేదిక రాసి, నాలుగో వరసతో పాటు పతకం కూడా సంపాదించాడు.

నీతి: గుర్తుమాట మరిచి తలుపు బయటే ఆగిన రాజు ఒక్కడు వెయ్యి ముళ్లకంచెల పెట్టు.