ఊరంతా వంగి చూసిన మీటరు

ఆ ఉదయం వినీల పెట్టుకున్న పని చాలా చిన్నది. జువ్వలదిన్నె పక్క జాలరి పల్లెలో ఇసుక మీద గ్యాసు కొలిచే మీటరు పెట్టి, అంకె రాసుకుని, జాలర్ల పెద్ద అయిన పెద్దకాపు చెంగయ్య చేత ఊరి తరఫున సంతకం పెట్టించుకుని, పదింటి బస్సుకు కావలి వెళ్లిపోవాలి. ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ని బాగా లోతున రాతిపొరల్లో భద్రంగా దాచవచ్చా అన్నది ఆమె మూడేళ్ల పరిశోధన. సాయంత్రంలోగా సంతకం అందకపోతే అది వేరే జిల్లాకు తరలిపోతుంది. మూడేళ్ల కష్టం గంగలో కలుస్తుంది.

"గ్యాసు పెట్టకముందు నేలలోంచి ఎంత వస్తోందో చూస్తున్నానండీ. ఇదిగో, నాలుగొందల ముప్ఫై. గాలిలో మామూలుగా ఉండేదే" అంది.

"ఇంటికొకరు కళ్లారా చూడందే మా ఊళ్లో సంతకం పడదమ్మా" అన్నాడు చెంగయ్య, మీటరు మీదికి వంగుతూ. కొత్త వలైనా, పెళ్లి సంబంధమైనా అక్కడ అదే పద్ధతి. ఆయన చూస్తుండగానే అంకె ఆరొందలైంది.

కబురు వెళ్లింది. ఇంటికొకరు వచ్చి మీటరు చుట్టూ తలలు పెట్టారు. తొమ్మిదొందలు. వినీల కూడా వంగి పెద్ద నిట్టూర్పు విడిచింది. వెయ్యి దాటింది. అది విని ఇంటికి ఇద్దరేసి వచ్చారు.

"లీకవతా ఉండాది" అన్నాడు చెంగయ్య.

"ఇంకా గ్యాసే పెట్టలేదండీ."

"పెట్టకముందే ఇట్టా లీకైతే, పెట్టినాక మా గతేంది?"

క్షణాల్లో ఊరంతా పడవలెక్కింది. అందరికంటే ముందు ఎక్కింది తానే అయినందుకు వినీలకు తర్వాత చాలాకాలం సిగ్గేసింది.

ఒడ్డున మిగిలింది చెంగయ్య భార్య మాలకొండమ్మ ఒక్కతే. ఎండబెట్టిన చేపల్ని కాకులకు వదిలేసి ఆమె ఎక్కడికీ రాదు. కాసేపటికి తాపీగా నడిచివెళ్లి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మీటరు చూసి కేకేసింది.

"నాలుగొందల ముప్ఫై చూపిస్తా ఉండాది. దిగండి."

చెంగయ్య నమ్మలేదు. దిగివచ్చి వంగాడు. ఆరొందలు.

"నువ్వు అవతలికి పో" అంది మాలకొండమ్మ. పోయాడు. తగ్గింది. "ఇప్పుడు రా." వచ్చాడు. పెరిగింది.

"లీకయ్యేది నేల కాదు, నువ్వు."

మనిషి వదిలే ఊపిరిలో ఉండేది ఆ గ్యాసేనని వినీల చిన్న తరగతుల్లోనే చదువుకుంది.

చెంగయ్య సంతకం పెట్టాడు. కింద ఒక షరతు మాత్రం దగ్గరుండి రాయించాడు: మీటరుకు పది గజాల లోపల ఎవరైనా ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, వదలకూడదు.