మా ఇంటి బూరపిట్ట

మొగుడనేవాడికి ఇంట్లో తన స్థానం ఏమిటో కచ్చితంగా తెలియాలంటే బూరపిట్టను పెంచుకోవాలి! పెళ్లయి ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టని ఆ సంగతి, మా ఆవిడ సొరాయిదా ఓ నల్లటి గూని పిట్టను అడవి నుంచి తెచ్చి "రెయినా", అంటే రాణి, అని పేరు పెట్టిన వారంలోనే తెలిసిపోయింది.

మా నానాయ్ నది ఒడ్డున ఈ పిట్టలేని పెరడు తక్కువ. కోడికంటే కాస్త పొడుగు. ఎగరాలంటే మహా బద్ధకం. రాలిన పళ్లు ఏరుకు తింటూ గుంపుగా నడుస్తుంది. పాము కనబడిందా, ఖాళీ కుండలో ఊదినట్టు కడుపులోంచి "హూమ్మ్" అంటుంది. గుంపులో చిన్నవి పెద్దవాటి ముందు రెక్కలు పరిచి వంగాలి. పెద్ద ఆడపిట్టకు ఇద్దరు ముగ్గురు మొగుళ్లు కూడా ఉంటారట! పోటీకి ఇంకో మొగుడు లేకపోయినా ఆఖరి స్థానం సంపాదించానంటే నా ప్రతిభ ఊహించుకోండి.

అవునండీ! మా ఇంట్లో గుంపుకు పెద్ద సొరాయిదా. తర్వాత రెయినా. తర్వాత కోళ్లు. కర్రపెండలం పులియబెట్టి చేసే "మసాతో" అనే కల్లు తాగి నేను పిల్లిలా మెట్లెక్కినా పామును చూసినట్టు హూమ్మ్ అనేది.

"వదినా! అన్నయ్య ఊగుతూ వచ్చినట్టున్నాడు, చూడూ!" అని పక్కింటి ఒబ్దూలియా కేకేసేది.

ఇంత సేవ చేసే పిట్టను ఎవరైనా వదులుకుంటారా? నేను వదులుకుందామనుకున్నాను. ఓ మధ్యాహ్నం బొప్పాయి ముక్క చూపిస్తూ అడవిలోకి తీసుకెళ్లి, ముక్క విసిరేసి, ఒకటే పరుగు! ఆయాసం తీర్చుకోవడానికి ఆగాక తెలిసింది, తప్పిపోయింది పిట్ట కాదు, నేను. ఎటు చూసినా అవే చెట్లు. పొద్దు వాలుతోంది.

"రెయినా! అమ్మా, రెయినా!"

పొదల్లోంచి హూమ్మ్ అని వినబడింది. వచ్చి నా ఎదుట నిలబడింది. కదలదే! ఏం కావాలో అర్థమైంది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, చేతులు రెండూ రెక్కల్లా పరిచి వంగాను. అప్పుడు గానీ ఇంటిదారి పట్టలేదు మహారాణి.

గుమ్మంలో సొరాయిదా కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. నా గుండె కరిగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో నా కోసం ఆవిడ కంట తడి పెట్టడం ఎప్పుడైనా చూశానా?

"ఎక్కడికి పోయావే తల్లీ! మధ్యాహ్నం నుంచీ ఊరంతా వెతుకుతున్నానే!" అంటూ పిట్టను ఎత్తుకుంది. కాసేపటికి నా వైపు చూసి అడిగింది.

"నువ్వు కూడా ఎక్కడికైనా వెళ్లావా ఏంటి?"

లేదని చెప్పాను.