విశాఖ రేవులో మంగవ్వ రొట్టెలు

ఎల్లారెడ్డిలో డీసీఎం వ్యాను నడుపుకునే సాయిలు, పెళ్లయిన ఇన్నేళ్లకు పెళ్లాం కోరిక తీర్చడానికి నడుం కట్టాడు. నీళ్ల మీద నిలబడ్డ ఓడను దగ్గర్నుంచి చూడాలని మంగవ్వ ఆశ. 2012 చలికాలంలో వ్యానులోకి మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము ఎక్కించి, వెనక తలుపుకు పాత చీర తెర కట్టి, ఇల్లంతా చక్రాల మీద పెట్టుకుని విశాఖపట్నం చేరాడు.

ఆ ఉదయం పథకం చాలా సులువు. రొట్టెలు తినాలి, రోజుకు ఒక్కసారే బయలుదేరి ఓడలు చూపించే పడవ ఎక్కాలి, దిగగానే ఇంటిదారి పట్టాలి. ఊళ్లో మక్కజొన్నల లోడు ఒప్పుకున్నాడు మరి. ఈ పడవ తప్పితే మళ్లీ ఎప్పుడో దేవుడికే తెలియాలి.

రేవు గేటు పక్కన మంగవ్వ మొదటి జొన్నరొట్టె చరిచింది. ఆ చప్పుడుకు నీలం లుంగీ మనిషొకడు ఆగి చూశాడు.

"తింటవా బిడ్డా?" అంది మంగవ్వ.

"ఎవరే గాయన? మనకే జల్ది ఉంది," అని సాయిలు గొణిగాడు.

"ముందట నిలవడ్డ మనిషికి పెట్టకుంట తింటే గొంతు దిగుతదా?"

అతడు ఎల్లిగడ్డ కారంతో రొట్టె తిని, అక్కడే చతికిలబడి రెండోది అడిగాడు. అతన్ని చూసి ఇద్దరు, ఇద్దరిని చూసి పదిమంది. ఊరికే పెడుతున్నారంటే ఆగేదెవరు? వరుస రోడ్డు మలుపు దాటింది. ఎవరో మొక్కు తీర్చుకుంటున్నారనుకుని ఒకావిడ వ్యానుకు పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

ఇక లాభం లేదని సాయిలు వ్యాను ఎక్కి కేకేశాడు. "పిండి ఒడిసింది! ఇగ పోండ్రి!"

"పుణ్యకార్యం మద్దెలో ఆగిపోకూడదు బాబూ," అని ఎదురు కొట్టాయన ఏకంగా గోధుమపిండి బస్తా పంపించాడు. సాయిలుకు తల బాదుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. రెండు చేతులా పిండి పిసుకుతున్నాడు.

ఇంతలో పోలీసు వచ్చాడు. వీళ్లందరినీ తరిమేస్తాడని సాయిలుకు ప్రాణం లేచివచ్చింది.

"పర్మిషన్ ఎవరిచ్చారు?" అని గద్దించాడు పోలీసు.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా సారూ?" అంది మంగవ్వ.

కాసేపటికి ఆయన ఒక చేత రొట్టె, ఇంకో చేత లాఠీ పట్టుకుని వరుస సరిచేస్తున్నాడు.

రేవులో పడవ కూత వేసింది. ఆగి మళ్లీ వేసింది. మంగవ్వ చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

"పాయె! ఊరందరికి పెట్టినవ్, ఓడ మాత్రం చూడకపోతివి," అన్నాడు సాయిలు. కోపంగా అనబోయాడు గానీ కోపం రాలేదు. మంగవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అడగక అడగక ఒక్కటి అడిగితే అదీ చూపించలేకపోయానే అని అతనికీ ఏడుపొచ్చింది.

"ఏటైందమ్మా?" అన్నాడు నీలం లుంగీ మనిషి, నాలుగో రొట్టె ముగిస్తూ.

"మేం ఎక్కేటి పడవ పోయింది బిడ్డా."

"నాను లేకుండా ఎలా ఎల్తాదమ్మా? దాన్ని నడిపే సరంగుని నానే. ఆ కూత నాకోసమే, ఇందాకట్నించీ పిలుస్తన్నారు. ఎక్కాల్సినోళ్లు కూడా ఈ లైన్లోనే ఉన్నారు కదేటి!"

వరుసకు వరుస వెళ్లి పడవెక్కింది. సరంగు మంగవ్వను అందరికంటే ముందు కూర్చోబెట్టి, తిన్నగా ఓ పెద్ద ఓడ పక్కకే పోనిచ్చాడు. మేడంత ఎత్తున నిలబడ్డ ఆ ఓడను చూసి మంగవ్వ నోరు తెరిచింది, ఇక మూయలేదు. ఆమె ముఖం చూసి సాయిలు కడుపు నిండిపోయింది. పొద్దుట్నుంచీ తానొక్క ముక్కైనా తినలేదన్న సంగతే మరిచాడు. ఓడ మీది మనుషులు కిందికి తొంగిచూసి చేతులూపారు.

"ఏమయ్యా, గా పిల్లలు తిన్నరో లేదో?" అంది మంగవ్వ.

పడవను కాస్త దూరంగా పోనిమ్మని సాయిలు సరంగు చెవిలో చెప్పాడు.