గానుగపేటలో సొంతిల్లు

ఒక పెద్ద అడవిలో అద్దెకు బొరియ దొరకడం కష్టం. ఏదుపందికైతే ఇంకా కష్టం.

కంటకరావు అనే ఏదుపంది ఆ అడవి బొరియల రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. ఎవరు ఏ తొర్ర కొన్నా, ఎవరు ఏ గుహ అమ్మినా కాగితాలు అతని బల్ల మీదికి రావలసిందే. పదో పేజీలో ఒక సున్నా ఎగిరిపోయినా పట్టుకుని, కళ్ళద్దాల మీదుగా ఓ చూపు చూసి వెనక్కి పంపేవాడు. అలా అడవిలో సగం మందికి ఇళ్ళు రాసిపెట్టాడు గానీ, తను మాత్రం అద్దె బొరియల్లోనే ఉండిపోయాడు.

పదిహేనేళ్ళలో తొమ్మిది బొరియలు మారాడు. ఏదుపంది ఒళ్ళు విరుచుకుంటే చాలు, గోడ నిండా గీతలు. ఇల్లుగలవాళ్ళకి అది గిట్టదు. తొమ్మిదో ఇంటి యజమాని ఉడుముగారు మర్యాదస్తుడు కనక నవ్వుతూనే చెప్పాడు.

"మీరు బంగారంలాంటివారు కంటకరావుగారూ. మీతో ఏ పేచీ లేదు. మీ వీపుతోనే వచ్చింది చిక్కంతా. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి."

అప్పటికి అతని భార్య శూలమ్మ నిండు చూలాలు. మూటా ముల్లే సర్దుకుంటూ తేల్చి చెప్పేసింది.

"పురిటికి మా అమ్మగారింటికి వెళ్తున్నా. పిల్లల్ని తీసుకుని వస్తే మన సొంతింటికే వస్తా. మళ్ళీ అద్దె బొరియ అన్నారంటే, మీరే అక్కడికొచ్చి పిల్లల్ని చూసి పోతూ ఉండండి."

శూలమ్మ అన్నదంటే అన్నట్టే. ఆవిడ అటు వెళ్ళగానే కంటకరావు ఇళ్ళ వేటలో పడ్డాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గానుగపేటలో కొత్త ఇళ్ళని అడవంతా చాటింపు వేశారు. గానుగపేట ఒకప్పుడు ఇప్పనూనె తీసే చోటు. పాతిక గానుగలు, వందల ఎడ్లు, పొద్దు పొడవకముందే కిర్రుమంటూ పని మొదలయ్యేది. తరవాత ఆ పనంతా ఏటి అవతలికి తరలిపోయింది. ఎడ్లూ చెల్లాచెదురయ్యాయి. జిడ్డు పట్టిన కొట్లు పాడుబడి గబ్బిలాలకి నిలయమయ్యాయి. అక్కడికి పొమ్మంటే తిట్టుకింద లెక్క.

ఆ స్థలాన్ని జంబుకమూర్తి అనే నక్క అడవి సభ దగ్గర సంపాదించి, కొట్లకి సున్నం కొట్టించి, నలభై ఇళ్ళుగా అడ్డుగోడలు పెట్టించింది. కంటకరావుని గుమ్మం దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"రండి సార్ రండి. నలభైలో రెండే మిగిలాయి. ఆ తలుపులన్నీ చూడండి, పేరు పలకలు కూడా తగిలించేశాం. దుప్పిగారు, కణితిగారు, కొండగొర్రెగారు... అంతా పొరుగడవుల్లో పెద్ద పెద్ద ఉద్యోగాలు."

"గోడకి ఆ నల్లమరక ఏమిటండీ?" అన్నాడు కంటకరావు.

"మరకా? అరవై ఏళ్ళనాటి నూనె సార్! చరిత్ర! అది కనబడాలనే అక్కడ సున్నం వెయ్యొద్దన్నాను."

"ఏదో వాసన..."

"అదీ చరిత్రే. దానికి విడిగా ఏమీ తీసుకోవడం లేదు."

వాకిట్లో ఒక్క గానుగ మాత్రం మిగిల్చారు. దానికి పూలదండ వేసి ఉంది. కంటకరావుకి వాసన నచ్చలేదు, మరక నచ్చలేదు. కానీ గోడ మీద చెయ్యి వేసి చూశాడు. మొరటు రాయి. ఏదుపంది జీవితాంతం రాసుకున్నా గీత పడదు. అతని కళ్ళు చెమర్చాయి.

"సార్, ఈ శుక్రవారం దాటితే మూఢం. మూడు నెలలు మంచిరోజు లేదు" అంది నక్క మెల్లిగా.

అంతే. పదిహేనేళ్ళుగా కూడబెట్టిన ఇప్పపువ్వు బస్తాలన్నీ తీసుకెళ్ళి ఇంటి ఖరీదుకింద నక్కకి అప్పగించాడు. శుక్రవారం నాడు నలభై రెండు పేజీల దస్తావేజు ముందు పెట్టారు. లోకం కాగితాలన్నీ భూతద్దం పెట్టి చదివినవాడు, తన కాగితం మొదటి పేజీ సగం చదివేసరికి పక్కనుంచి పురోహితుడు కొంగగారు "నాయనా, ముహూర్తం మించిపోతోంది" అని తొందరపెట్టాడు. కంటకరావు గబగబా నలభై రెండు సంతకాలు పెట్టేశాడు.

గృహప్రవేశానికి ముందు నడిపించడానికి ఆవు దొరకలేదు. పేటకి కాపలా కాసే ముసలి ఎద్దు బసవయ్యనే బొట్టు పెట్టి ముందు నడిపించారు. బసవయ్య గడప దాటి లోపలికి వెళ్ళి, నాలుగు వైపులా చూసి నవ్వాడు.

"బానే ఉంది బాబూ. ఈ గదిలో మేం పదకొండు మందిమి పడుకునేవోళ్ళం."

పాలు పొంగాయి. కంటకరావు ఆ సాయంత్రమే శూలమ్మకి చిలకతో కబురంపాడు.

వారం తిరక్కుండా కాలనీ సంఘం ఏర్పడింది. కార్యదర్శి మర్కటేశం అనే కోతి. ఏ పనికైనా ముందు చెయ్యెత్తి, తరవాత పనేమిటని అడిగే రకం.

"మన పేట సంస్కృతిని మనమే కాపాడుకోవాలి!" అన్నాడు తొలి సమావేశంలో. "రోజూ ఇంటికో వంతు గానుగ తిప్పాలని జంబుకమూర్తిగారి సూచన. ఊళ్ళో వాళ్ళు ఒళ్ళు తగ్గడానికి ఎక్కడెక్కడికో పోయి డబ్బులు పోస్తున్నారు. మనకి వాకిట్లోనే, ఉచితంగా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నక్క ఇంటికో పట్టుగుడ్డ గంత కూడా పంచింది. కళ్ళకి ఆ గంత కట్టుకుని గుండ్రంగా తిరిగితే మనసు కుదుటపడుతుందట. నిజంగానే కుదుటపడింది. పొద్దున్నే అలా చీకట్లో వంద చుట్లు తిరిగేసరికి ఎవరికీ ఏ ఆలోచనా రాకుండా పోయింది. కాలనీలో ఉండే జింక తాలూకు చుట్టాలు చూసిపోయి కుళ్ళుకున్నారు. అడవిపంది దంపతులు తమ వంతు అయ్యాక పక్కింటి వంతు కూడా అడిగి తిప్పేవారు.

నెల గడిచేసరికి కాడి బరువెక్కింది. "అలవాటయ్యే కొద్దీ బరువు పెంచాలి, అది పద్ధతి" అన్నాడు మర్కటేశం. సరేనని అంతా తిప్పారు.

ఒకరోజు పొద్దున కంటకరావు తన వంతు తిప్పుతుండగా నెత్తిమీది ముళ్ళు నిక్కబొడుచుకుని గంత పర్రుమని చిరిగింది. కళ్ళు నులుముకుని చూస్తే, నక్క బావమరిది బుట్టెడు ఇప్పగింజలు గానుగలో గుమ్మరిస్తున్నాడు. కింద కుండలోకి నూనె ధార కడుతోంది. పక్కన అప్పటికే నిండిన కుండలు వరసగా ఉన్నాయి.

కంటకరావు తిన్నగా బసవయ్య దగ్గరికి పోయాడు.

"బసవయ్యా, ఇదంతా నీకు ముందే తెలుసా?"

"ఇరవయ్యేళ్ళు తిప్పినోడ్ని, తెలవకేం బాబూ. మాకూ గంతలు కట్టేవోరు. కాపోతే అప్పుడు దీన్ని పనీ అనేవోరు. కూలి కూడా ఇచ్చేవోరు."

"మరి చెప్పలేదేం?"

"పెద్దోళ్ళు, సరదాపడి తిప్పుతున్నారు. నేనెందుకు అడ్డం?"

కంటకరావు ఇంటికొచ్చి దస్తావేజు తీశాడు. ఈసారి కుదురుగా కూర్చుని చదివాడు. ముప్పై ఒకటో పేజీలో ఉంది. గానుగ ఆగకూడదన్న షరతు మీద అడవి సభ ఈ స్థలం ఇచ్చింది. ప్రతి ఇంటి యజమానీ ఇంటికొక వంతు చొప్పున రోజూ తిప్పవలెను. తప్పిన ఇల్లు సభకు జప్తు. కింద తన సంతకం, ముచ్చటగా, మెలికతో సహా.

పరుగున వెళ్ళి నక్కని నిలదీశాడు. నక్క కోప్పడలేదు. మంచినీళ్ళు తెప్పించింది.

"ఒప్పందం ఒప్పందమే సార్. తిప్పడం ఇష్టం లేకపోతే మానేయొచ్చు, ఇల్లు పోతుంది. అన్నట్టు అమ్మగారు ఎప్పుడొస్తున్నారు?"

ఆ అమ్మగారి కబురు అదే రోజు వచ్చింది. ఇద్దరు పిల్లలట. ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయట. దశమి నాడు బయలుదేరుతోందట. కంటకరావు ఆ కబురు విని గోడకి చేరగిలబడి ఏడ్చాడు. ఇల్లు ఉంచుకుంటే బతుకంతా గానుగ. వదిలేస్తే శూలమ్మ రాదు, పిల్లలూ రారు. ఇంత చదివీ ఇలా కుదేలైపోయానే అని తనని తనే తిట్టుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి, ఇక దిక్కుతోచక గానుగపేట రిజిస్టరు దించాడు. తన ఇల్లు తన పేరు మీదే ఉంది. మర్కటేశం ఇల్లు మర్కటేశం పేరు మీద. దుప్పిగారి ఇల్లు... జంబుకమూర్తి. కణితిగారి ఇల్లు... జంబుకమూర్తి. కొండగొర్రెగారిదీ జంబుకమూర్తే. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. నలభై ఇళ్ళలో అమ్ముడుపోయినవి పన్నెండే. మిగతా తలుపులకి పేరు పలకలు ఉత్తినే తగిలించారు.

కంటకరావు రిజిస్టరు మూసి, చాలా రోజుల తరవాత కడుపునిండా భోంచేశాడు.

నవమి నాడు సభాధ్యక్షులు గజపతిగారు గానుగపేటకి విచ్చేశారు. ఉత్తమ కాలనీ బహుమతి ఇవ్వడానికి. గజపతిగారు భారీ ఏనుగు. ప్రతి మాటకీ ముందు ఓ నిట్టూర్పు విడుస్తారు. నక్క శాలువా కప్పుకుని వేదికెక్కింది.

"మా పేట క్రమశిక్షణకి మారుపేరు. ఇంటికో వంతు! అందులో మినహాయింపు లేదు!"

కంటకరావు లేచి నిలబడ్డాడు.

"నిజంగా మినహాయింపు లేదాండీ? ఎంత పెద్దవారికైనా?"

"సాక్షాత్తూ నాకైనా లేదు సార్!" అని నక్క గుండెల మీద చెయ్యి వేసుకుంది. అందరూ చప్పట్లు.

"అయితే అధ్యక్షులవారు ఈ రిజిస్టరు ఓసారి చిత్తగించాలి" అని కంటకరావు పుస్తకం తెరిచి ముందు పెట్టాడు.

గజపతిగారు నిట్టూర్చారు. తొండం చివరతో పేర్లు ఒక్కొక్కటే తడిమారు. చాలాసేపు పట్టింది. వేదిక మీద నక్క శాలువా సర్దుకుంటూనే ఉంది.

"జంబుకమూర్తీ, ఇరవై ఎనిమిది ఇళ్ళు నీ పేరునే ఉన్నాయి. మొదటినుంచీ నీ వంతులు ఎవరు తిప్పారు?"

"అవి... అమ్మేసినట్టేనండీ. కాగితాలే కాస్త ఆలస్యం..."

"కాగితాలు నా బల్ల మీదికి రాలేదు" అన్నాడు కంటకరావు.

"వచ్చినా మీరు చదివేవారు కాదులెండి" అని గొణిగింది నక్క. ఆ మాట కంటకరావుకి చురుక్కుమంది.

గజపతిగారు మరో నిట్టూర్పు విడిచారు. "తిప్పని ఇల్లు సభకు జప్తు. పోనీలే, పాతవి వదిలేస్తాను. ఇవాల్టినుంచి తిప్పు. గంత తెండి."

మర్కటేశం అందరికంటే ముందు పరిగెత్తుకెళ్ళి గంత తెచ్చి కట్టాడు. తొమ్మిదో వంతుకి నక్క నాలుక వెళ్ళబెట్టింది. పదమూడో వంతుకి కాడి కింద చతికిలబడి, "బసవయ్యా, మీవాళ్ళెక్కడున్నారు? కూలి ఇస్తాను, పిలవ్వా" అని బతిమాలింది.

"వస్తారు బాబూ. కానీ ఏటి అవతలినుంచి రోజూ రాలేరు కదా. ఈ ఖాళీ ఇళ్ళేవో కూలికింద రాసిచ్చేస్తే ఇక్కడే పడుంటారు."

నక్క గజపతిగారి వైపు చూసింది, గానుగ వైపు చూసింది. ఇళ్ళు జప్తుకి పోవడం కంటే అదే నయమనిపించింది. ఇరవై ఏడు ఇళ్ళు ఎడ్లకి రాసిచ్చి, తను ఉండే ఇల్లొక్కటి అట్టేపెట్టుకుంది. దాని తాలూకు వంతు మాత్రం రోజూ తనే తిప్పుతోంది. వచ్చిన నూనె ఎవరిదన్నది దస్తావేజులో ఎక్కడా లేదని కంటకరావు రెండుసార్లు చదివి తేల్చాడు కనక, అది తిప్పినవాళ్ళు పంచుకుంటున్నారు. గంతలు పొయ్యిలోకి పోయాయి. కిర్రుమనే చప్పుడు పొద్దున్నే మొదలవుతోంది, వాసనా అలాగే ఉంది. సంఘానికి అధ్యక్షుడు ఇప్పుడు బసవయ్య.

దశమి నాడు శూలమ్మ పిల్లలతో వచ్చింది. గోడ తడిమి చూసింది. వాసన పీల్చి మూతి విరిచింది. "పోనీలెండి, మనదేగా" అని పిల్లల్ని పడుకోబెట్టింది. కంటకరావు ఒళ్ళంతా విరుచుకుని గోడకి ఆనుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఈమధ్య వాళ్ళ పక్కిల్లు అమ్మకానికొస్తే ఒక కుందేలు చూడ్డానికి వచ్చాడు. గోడలు నచ్చాయన్నాడు. దస్తావేజు తీసుకుని అరుగు మీద కూర్చుని మొదటి పేజీనుంచి శ్రద్ధగా చదివాడు. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగాడు. కాగితాలు జాగ్రత్తగా మడిచి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఎవరండీ ఆయన?" అంది శూలమ్మ.

"ఇల్లు కొందామని వచ్చాడు. కాగితాలన్నీ చదివాడు."

"అయ్యో పాపం" అంది శూలమ్మ.

నీతి: కాగితాలు పూర్తిగా చదివాకే ఇల్లు కొంటానన్నవాడు ఇంకా అద్దె కడుతూనే ఉన్నాడు.