చిన్న బ్యాటరీకి పదకొండు లక్షణాలు

మానవజాతి ఇప్పటిదాకా కట్టుకున్న కార్యాలయాలన్నిటిలోకీ పద్ధతిగా నడిచేది హైబ్రిడ్ కారు ఒక్కటే. అందులో రెండు వందల వోల్టుల పెద్ద బ్యాటరీ వెనక సీటు దగ్గర పెద్దాఫీసరు హోదాలో కూర్చుని ఉంటుంది. ముందు గదిలో పెట్రోలు ఇంజను కార్యదర్శి. బండిని లాగే బలమంతా ఈ ఇద్దరిదే. అయితే పొద్దున్నే తలుపులు తీసి, దీపాలు వెలిగించి, కంప్యూటరును తట్టి లేపే పని మాత్రం డిక్కీలో కుడి మూల నక్కి ఉండే పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీది. అది జవాను. జవాను రాని రోజున ఆఫీసరుగారు రెండు వందల వోల్టులూ ఒళ్ళో పెట్టుకుని చీకట్లో కూర్చోవలసిందే. (జవాను ఏనాడూ సెలవు చీటీ పెట్టడు. ఒకరోజు పోతాడు, అంతే.)

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఈ సత్యాన్ని కాగితం మీదికి ఎక్కించిన ఘనత జిగ్జిద్‌ది. ఆయన నగర శీతాకాల సంసిద్ధత శాఖలో సీనియర్ నిపుణుడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఒక భార్య, ఒక కూతురు, జపాను వాళ్ళు పదమూడేళ్ళు వాడి వదిలేసిన ఒక తెల్ల హైబ్రిడ్ కారు. 'హైబ్రిడ్ వాహనాల సహాయక బ్యాటరీ బలహీనతను గుర్తించుట' అనే నలభై ఏడో ఆదేశాన్ని ఆయనే రాశాడు. జూలై నెలలో, కిటికీ తెరుచుకుని, ఫ్యాను కింద కూర్చుని రాశాడు.

ముసాయిదాలో మొదట నాలుగే లక్షణాలు. కాగితం ఏడుగురు అధికారుల బల్లల మీదుగా వెళ్ళింది. ఊరికే సంతకం పెడితే చదవలేదనుకుంటారని తలా ఒకటి చేర్చారు. అలా పదకొండయ్యాయి. తాళం నొక్కితే తలుపు ఆలోచించి తెరుచుకోవడం మొదటిది. గడియారం తనంతట తాను సున్నాకి వెళ్ళిపోవడం రెండోది. పదకొండోది 'బండి కదలకపోవుట'. (ఈ దశలో బలహీనత ధ్రువపడినట్లుగా భావించవచ్చును.)

పదకొండింటిలో కనీసం తొమ్మిది కనబడాలి. ఒక్కోదాన్నీ ఇద్దరు పెద్దవాళ్ళు కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. అప్పుడు బండిని శాఖ ఆవరణకు తెస్తే పరీక్షించి, బ్యాటరీ మార్చుకోవడానికి ధ్రువపత్రం ఇస్తారు. పత్రం లేకుండా మార్చడం 'తొందరపాటు మార్పిడి' అనే నేరం. బండి తనంతట తాను నడిచి రావాలన్నది ముఖ్యమైన షరతు. నడిచి వస్తే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టు రాసి పంపేస్తారు. రాకపోతే 'దరఖాస్తుదారు గైర్హాజరు' అని రాస్తారు. ఈ పద్ధతి వచ్చాక నగరంలో బలహీనమైన బ్యాటరీ ఒక్కటి కూడా నమోదు కాలేదు. శాఖకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ శనివారం జిగ్జిద్ కూతురు సరూల్ పెళ్ళి. పెళ్ళిళ్ళ భవనంలో పదకొండూ ఇరవైకి వాళ్ళ వంతు. లామా లెక్కగట్టి చెప్పిన మంచిరోజున నగరంలో సగం మందికి పెళ్ళి కావలసి ఉంటుంది కనుక ఆ వంతు కోసం తల్లి నర్మందఖ్ మూడు నెలలు ఫోను పట్టుకుని కూర్చుంది. ఇది తప్పితే మళ్ళీ వసంతంలోనే. పెళ్ళికొడుకు నాయనమ్మ ఉవ్స్ నుంచి రెండు రోజులు బస్సులో కూర్చుని వస్తోంది. పెళ్ళికూతురు తండ్రి బండిలోనే ఇల్లు కదలాలి.

సోమవారం పొద్దున జిగ్జిద్ తాళం నొక్కాడు. తలుపు ఆలోచించింది.

"మొదటిది!" అన్నాడు, జేబులోంచి నోటుపుస్తకం తీస్తూ. మనిషి ముఖం వెలిగిపోయింది. తను రాసిన లక్షణం తన బండిలోనే కనబడటం ఎంతమంది రచయితలకు దక్కుతుంది?

మంగళవారం గడియారం సున్నాకి వెళ్ళింది. బుధవారం కిటికీ అద్దం సగం దూరం ఎక్కి ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎక్కింది. రేడియో స్టేషన్లన్నీ మరిచిపోయింది. గురువారం తెర మీద ఎరుపు, పసుపు దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. కారు జపాను భాషలో ఏదో గట్టిగా చెప్పింది. (ఆ ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు. ఆరేళ్ళుగా అది ఏం చెప్పినా "సరే, సరే" అంటూ గౌరవంగా జవాబిస్తున్నారు.)

"ఆరు లక్షణాలు చాలవుటయ్యా నీకు?" అంది నర్మందఖ్, పాల టీలో ఉప్పు వేస్తూ. "మనిషికి రెండు కనబడితేనే ఆసుపత్రికి ఎత్తుకుపోతారే!"

"మనిషికి ఆదేశం లేదు కదా."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. నీ దీపాలేమో వెలగడం, ఆరడం రెండూ అయిపోయాయి. చోయిజిల్‌ని పిలు, మార్చేస్తాడు."

"నేనే రాసి, నేనే సంతకం పెట్టి, నేనే ఆరింటికి మార్చేసుకుంటే నగరం ఏమనుకుంటుంది?"

"నగరానికి నీ కారు డిక్కీ తప్ప వేరే పని లేదు పాపం!" అని ఆవిడ టీ గిన్నె ఠక్కున పెట్టింది.

శుక్రవారం సాయంత్రానికి ఎనిమిదయ్యాయి. చోయిజిల్ పిలవకుండానే వచ్చాడు. వీధి చివర ఇనుప కంటెయినర్‌లో బళ్ళు బాగుచేస్తాడు. చంకలో కొత్త బ్యాటరీ పెట్టుకుని వచ్చేసరికి జిగ్జిద్ కారు ముందు వంగుని, బానెట్ మీద శాఖవారి ఉన్ని కంబళి కప్పి, పన్నెండో ఆదేశం చెప్పినట్టు ఏడు ముళ్ళు వేస్తున్నాడు.

"అన్నా, ప్రాణమేమో వెనక ఉంది. నువ్వు ముందు కప్పుతావేంటి?"

"ఆదేశంలో బ్యాటరీ ముందే ఉంటుంది."

"ఆదేశంలో ఉంటుందిలే. కారులో వెనక ఉంది. మూడేళ్ళుగా చూస్తున్నా, దాని కాళ్ళకి చలేస్తుంటే నువ్వు ముక్కుకి గుడ్డ చుడుతున్నావు. పావుగంట పని అన్నా, మార్చిపడేస్తా. రేపు పిల్ల పెళ్ళి."

జిగ్జిద్ ఆ కొత్త బ్యాటరీకేసి చూశాడు. నిజం చెప్పాలంటే మనసు లాగింది. చేయి కూడా సగం చాపాడు.

"ఒక్కటి తక్కువైంది రా," అన్నాడు చివరికి. "తొమ్మిదోది పొద్దున్నే కనబడిందనుకో, ఎనిమిదిన్నరకి తెద్దువుగాని."

"పొద్దున్న కనబడేది తొమ్మిదోది కాదన్నా, పదకొండోది," అని చోయిజిల్ బ్యాటరీని మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జిగ్జిద్ ఇంకో ప్రభుత్వ కార్యం కూడా చేశాడు. కింది వాటాలో ఉండే దోర్జ్‌పలమ్ అవ్వకు ఒక పాత రష్యా వ్యాన్ ఉంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులోనూ దాని మీదే పాల క్యాన్లు తోలుతుంది. చలికాలంలో సాయంత్రం కాగానే బ్యాటరీ విప్పి, పిల్లల మంచుబండి మీద పెట్టి లోపలికి ఈడ్చుకుపోయి, పొయ్యి పక్కన పోయిన మొగుడి కోటు కప్పి పడుకోబెడుతుంది. హైబ్రిడ్ల వాళ్ళు ఇది చూసి నవ్వుకుంటారు. వాళ్ళకి పెద్ద బ్యాటరీ ఉంది కదా, ఆ ధీమా.

వ్యాన్‌కు కంబళి లేదు. జిగ్జిద్ ఎర్ర నోటీసు తీసి ముందు అద్దానికి అంటించాడు.

"దీనికి ముక్కే లేదు కదయ్యా, అద్దం కిందంతా చదును," అంది అవ్వ. "కంబళి ఎక్కడ కప్పను? పైగా బ్యాటరీ నా పొయ్యి దగ్గర పడుకుని ఉంది."

"బ్యాటరీ ఎక్కడుందని ఆదేశం అడగదవ్వా. కంబళి ఉందా లేదా అనే అడుగుతుంది."

"మరి ముక్కు?"

"ముక్కు లేకపోవడం మినహాయింపుల జాబితాలో లేదు." కింద సంతకం పెట్టి, తారీకు వేశాడు. ఎర్ర నోటీసున్న బండిలో శాఖ సిబ్బంది కాలు పెట్టకూడదనే నిబంధన కూడా ఆయన చేర్చిందే. సిబ్బంది నిజాయితీ మీద మచ్చ పడకూడదని.

శనివారం పొద్దున చలి సున్నాకి ముప్పై నాలుగు కింద. చుట్టాలంతా తిన్నగా పెళ్ళిళ్ళ భవనానికే చేరిపోయారు. పదిన్నరకి సరూల్ నీలం పట్టు దేల్ అంగీ అంచులు పైకెత్తి పట్టుకుని మెట్లు దిగింది. వెనకాల నర్మందఖ్, కదిలే బండి వెనక శుభమని చల్లడానికి పాలగిన్నె, గరిటె పట్టుకుని.

జిగ్జిద్ తాళం నొక్కాడు. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. తాళంలో దాచి ఉండే ఇనప చెవి తీసి తలుపు తెరిచి, లోపల కూర్చుని బొత్తాం నొక్కాడు. ఒక్క దీపం కూడా వెలగలేదు. జపాను భాషలో ఒక్క మాట కూడా వినబడలేదు.

"పదకొండోది," అన్నాడు మెల్లగా. చేయి దానంతట అదే నోటుపుస్తకం తీసింది.

"ఆ పుస్తకం తీశావంటే ఈ పాలు నీ నెత్తిన పోస్తా!" అంది నర్మందఖ్.

ఈలోగా చోయిజిల్ పరిగెత్తుకొచ్చాడు. పరిస్థితి ఇలా ఉంది. కొత్త బ్యాటరీ వేయాలంటే డిక్కీ తెరవాలి. డిక్కీ తాళం కరెంటుది, అది తెరుచుకోవాలంటే బ్యాటరీ ఉండాలి. సీట్ల మధ్య నుంచి పాకి వెళ్ళి లోపలి నుంచి తీద్దామంటే డిక్కీ నిండా ఉడికించిన గొర్రె వెన్ను, బూజ్ కుడుముల పెట్టెలు, వియ్యాలవారి కానుకలు, కప్పుదాకా. ఇంత పక్కా ఏర్పాటు మా శాఖకు కూడా చేతకాలేదే అని జిగ్జిద్‌కు ఆ హడావిడిలోనూ జపాను వాళ్ళ మీద గౌరవం కలిగింది.

"బానెట్ కింద కరెంటు ఎక్కించే మొన ఒకటుంది," అన్నాడు చోయిజిల్. "అవ్వ వ్యాన్ నుంచి తీగ వేస్తే రెండు నిమిషాల్లో లేస్తుంది. ముందు ఈ కంబళి తీయి."

ఏడు ముళ్ళూ గడ్డకట్టి రాళ్ళయ్యాయి. చోయిజిల్ కత్తి తీశాడు.

"కోయకు! శాఖ ఆస్తి అది," అంటూ జిగ్జిద్ చేతి తొడుగులు పీకేసి మొదటి ముడి మీద పడ్డాడు. "పైగా నోటీసున్న బండి నుంచి కరెంటు తీసుకోకూడదు."

అప్పుడు దడదడమంటూ ఆవరణ అంతా అదిరింది. దోర్జ్‌పలమ్ అవ్వ వ్యాన్. రాత్రంతా పొయ్యి పక్కన నిద్రపోయిన బ్యాటరీ, మొదటి తిప్పుకే లేచింది.

"ఎక్కవే తల్లీ," అంది అవ్వ సరూల్‌తో. "పాల వాసన వస్తుంది, ఏమనుకోకు."

"అవ్వా, నోటీసు..." అన్నాడు జిగ్జిద్.

"నోటీసు నా అద్దానికి అంటించావు, నా కాళ్ళకి కాదు!"

 నర్మందఖ్ కూతుర్ని ఎక్కించింది, తానూ ఎక్కింది. సరూల్ తలుపులోంచి చేయి చాపింది.

"నాన్నా, ఎక్కు. ఈ ఒక్కరోజూ ఆఫీసరువి కాకుండా ఉండు. వచ్చెయ్ నాన్నా."

జిగ్జిద్ కుడికాలు మెట్టు మీద పెట్టాడు. తల ఎత్తితే ముందు అద్దం మీద ఎర్ర కాగితం, దాని కింద తన సంతకం. చక్కటి సంతకం. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మీరు పదండి. నేను వెనకాలే వచ్చేస్తా."

వ్యాన్ కదిలింది. నర్మందఖ్ కిటికీలోంచి పాలు చల్లింది. అవి నేలకు తాకేలోపే గడ్డకట్టి, జిగ్జిద్ బూట్ల మీద టపటపా పడ్డాయి. ఆయన గుండె చివుక్కుమంది. అయినా పరిగెత్తలేదు.

ఉలాన్‌బాతర్ రోడ్డు మీద చేయి చాపితే ఏ కారైనా ఆగుతుంది. కంబళి ముళ్ళు ఊడే ఆశ లేక జిగ్జిద్ రోడ్డు మీదికి వెళ్ళి చేయి చాపాడు. ఆగిన మొదటి కారు అద్దానికి శీతాకాల సంసిద్ధత చీటీ లేదు. వద్దన్నాడు. రెండోదానికి చీటీ ఉంది కానీ కిందటేడుది. ఆ డ్రైవరుకు గడువు తేదీల గురించి నాలుగు మాటలు చెప్పి పంపించాడు. మూడోదానికి అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయితే ఆ డ్రైవరు ఆయన్ని గుర్తుపట్టి, ఎక్కుతాడేమోనని భయపడి ఒక్క ఊపున వెళ్ళిపోయాడు. జిగ్జిద్ నడిచాడు.

భవనం చేరేసరికి పన్నెండూ పది. లోపల ఇంకెవరిదో పెళ్ళి నడుస్తోంది. బల్ల దగ్గర గుమాస్తా అమ్మాయి రిజిస్టరు తిప్పి చూపించింది. వధువు తండ్రి అన్న గడిలో 'గైర్హాజరు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"నేను వచ్చానుగా అమ్మా!"

"ఇప్పుడొచ్చారండీ. పదకొండూ ఇరవైకి వచ్చినట్టు ఇద్దరు పెద్దవాళ్ళు సంతకం పెడితే మారుస్తా."

జిగ్జిద్ దానికి వంక పెట్టలేకపోయాడు. నిబంధన మంచిదే.

బయట మెట్ల మీద ఫొటోలు తీసుకుంటున్నారు. పక్కనే రష్యా వ్యాన్. దాని అద్దానికి ఎవరో శుభానికి కట్టే నీలి పట్టుగుడ్డ, ఖదగ్ కట్టారు. ఎర్ర నోటీసు దాని వెనక నుంచి కొంచెం కనబడుతోంది. అవ్వ పెళ్ళికూతురు పక్కనే పెద్దరికంగా నిలబడి ఉంది. సరూల్ తండ్రిని చూసి నవ్వింది, చేయి ఊపింది. కానీ ఫొటోవాడు "కదలకండమ్మా" అన్నాడు.

ఉవ్స్ నుంచి వచ్చిన నాయనమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఎవరమ్మా ఆయన? చలికి మీసం తెల్లబడిపోయింది పాపం."

"ఆయనా?" అంది నర్మందఖ్. "బ్యాటరీల శాఖ నుంచి వచ్చారండీ."

సోమవారం జిగ్జిద్ బల్ల మీదికి ఒక దరఖాస్తు వచ్చింది. దరఖాస్తుదారు ఆయనే, పరిశీలించే అధికారీ ఆయనే. బండి స్వయంగా నడిచి రాలేదు కనుక 'గైర్హాజరు' అని రాసి తిరస్కరించాడు. తర్వాత నలభై ఏడో ఆదేశం తెప్పించుకుని, చాలాసేపు ముందు పెట్టుకుని కూర్చుని, చివర ఇంకో పంక్తి చేర్చాడు.

'పన్నెండో లక్షణం: కుమార్తె వేరొకరి బండిలో వెళ్ళిపోవుట. (దీనికి సాక్షుల సంతకాలు అవసరం లేదు.)'