తల ఊపిన పాపానికి

ఆదివారం పూజ ముగిసేసరికి ఫెర్మిన్ లుసార్ది ఆ రోజు కార్యక్రమం ఖాయం చేసుకున్నాడు. ఇంటికి వెళ్ళి భోంచేయాలి. కునుకు మానుకోవాలి. సాయంత్రం చర్చి హాలుకి వెళ్ళి అక్కడి అనాచారాన్ని కళ్ళారా చూడాలి.

బ్యూనస్ ఎయిర్స్‌లో వాళ్ళ పేట చర్చి హాలును ఆదివారం సాయంత్రాలు టాంగో నాట్యం ఆడేవాళ్ళకి ఇస్తున్నారు. సరిగ్గా ఆ వేళకే అక్కడ జపమాల ప్రార్థన పెట్టించాలని ఫెర్మిన్ పట్టుదల.

"దేవుడి హాల్లో పరాయి ఆడా మగా ఛాతీకి ఛాతీ ఆనించి తిరగడమేమిటండీ, ఫాదర్?" అని ఆ ఉదయం కూడా మండిపడ్డాడు.

"నువ్వు చూశావా?" అన్నాడు ముసలి ఫాదర్ అన్సెల్మో.

"ఛీ! నేనెందుకు చూస్తానండీ!"

"చూడకుండా సాక్ష్యం చెప్పకూడదయ్యా. ఇవాళ చూసి రా. తప్పేనని నువ్వంటే వచ్చే వారం నుంచి హాలు నీదే."

భార్య నెలిదా మాంసం కూరిన పిండి బిళ్ళలు, రవియోలీ, వండింది. కోపంలో ఉన్న మనిషికి ఆకలెక్కువ. పళ్ళెం ఖాళీ చేసి, మళ్ళీ నింపించుకున్నాడు.

"నేనూ రానా?" అంది నెలిదా. "పెళ్ళికి ముందు నేను బాగానే ఆడేదాన్ని."

"ఇదేమన్నా లుహాన్ మాత యాత్రా, ఇద్దరం కలిసి వెళ్ళడానికి? అయినా ఆ ఆటల సంగతి ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకున్నావా లేదా?"

నెలిదా పళ్ళేలు తీసేసింది.

హాల్లో ఒక గోడ వారన మగవాళ్ళు, ఎదురు గోడ వారన ఆడవాళ్ళు కూర్చున్నారు. అక్కడ ఎవరూ నోరు తెరిచి ఆటకు పిలవరు. మగవాడు దూరం నుంచే ఒకావిడ కళ్ళలోకి చూసి తల కాస్త వంచుతాడు. ఆవిడా వంచితే ఖాయమైనట్టే, వెళ్ళి చెయ్యి అందుకోవాలి. ఇష్టం లేకపోతే ఆవిడ చూపు తిప్పుకుంటుంది. ఇదంతా ఫెర్మిన్‌కి తెలుసు. అతని నిద్రకు తెలియదు.

మొదట్లో బాగానే నిఘా వేశాడు. ఆడేవాళ్ళంతా కళ్ళు మూసుకుని, గంభీరంగా, మెల్లగా తిరుగుతున్నారు. ప్రార్థనలో కూడా ఇంత శ్రద్ధగా కళ్ళు మూసుకున్నవాళ్ళని తను చూశాడా అన్న అనుమానం వచ్చింది. అలాంటి అనుమానం వచ్చినందుకు తన మీదే మండిపడ్డాడు. అంతలో రవియోలీ తన పని మొదలుపెట్టింది. తల ముందుకు వాలింది.

ఎదురుగా ఉన్న క్లొతిల్దే, చనిపోయిన మందుల షాపాయన భార్య, మర్యాదగా తల వంచి గౌను సర్దుకుంది. పాట మొదలైంది. పిలిచిన పెద్దమనిషి కదల్లేదు. పైగా అతని తల మళ్ళీ వాలింది, ఈసారి ఆవిడ పక్కావిడ వైపు. ఆవిడా ఒప్పుకుంది. క్లొతిల్దే ఇక ఆగలేక లేచి వచ్చింది.

"ఏమయ్యా, నన్ను పిలిచి, నే ఒప్పుకున్నాక, నా పక్కావిడని పిలుస్తావా?"

ఫెర్మిన్ ఉలిక్కిపడి లేచాడు. "నేను ఎవర్నీ పిలవలేదమ్మా! నిద్రపోతున్నాను!"

"అంటే, నన్ను చూస్తే నిద్రొస్తోందా?"

హాలు చూసుకునే ఓర్తెన్సియా నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "చూడు నాయనా, పిలిచి వెళ్ళకపోవడం ఇక్కడ మహాపరాధం. తెలుసా?"

"తెలుసండీ."

"తప్పు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండీ, తల్లీ, ఒప్పుకుంటాను," అని ఫెర్మిన్ గబగబా తల ఊపాడు. ఓర్తెన్సియా భుజం మీదుగా, ఎదురు గోడ దగ్గర, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ప్రసన్నంగా తలలు వంచారు.

ఎవరో పుణ్యాత్ములు ఇంటికి ఫోన్ చేశారు. నెలిదా నీలం గౌనులో వచ్చింది. ఆ గౌను అటక మీది పెట్టెలో ఉందని కూడా ఫెర్మిన్ మరిచిపోయాడు.

"పేటలో ఆడవాళ్ళందర్నీ పిలిచావట!"

"అపనిందే, నెలిదా! ఇంటికి పోదాం పద."

"పెళ్ళయినప్పట్నుంచీ నన్ను ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు! క్లొతిల్దేని పిలుస్తావా?"

"పోనీ, ఇప్పుడు పిలుస్తున్నాగా! రా, ఆడదాం."

"ఇక్కడ నోటితో పిలవరు, ముసలాయనా," అని నెలిదా వెళ్ళి ఎదురు వరసలో కూర్చుంది.

ఫెర్మిన్ చొక్కా సర్దుకున్నాడు. పూర్తి మెలకువతో, భార్య కళ్ళలోకి చూస్తూ, తల వంచాడు.

నెలిదా తలెత్తి పైకప్పు ఫ్యాను చూడసాగింది.

ఫెర్మిన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇదెక్కడి న్యాయం! పొరపాటున ఊపితే నలుగురు ఒప్పుకున్నారు, కావాలని ఊపితే కట్టుకున్న పెళ్ళామైనా రాదా?

మర్నాడు ఉదయం ఫాదర్ అడిగాడు. "చూశావుగా! తప్పేనా? హాలు నీకిచ్చేయమంటావా?"

ఫెర్మిన్ టోపీ అంచు నలిపాడు.

"ఒక్కరోజు చూసి సాక్ష్యం చెప్పడం ధర్మం కాదండీ, ఫాదర్. వచ్చే ఆదివారం కూడా చూసి చెబుతాను."

జపమాల ప్రార్థన మంగళవారానికి మారింది, ఫెర్మిన్ ప్రతి ఆదివారం చూసి వస్తూనే ఉన్నాడు, నెలిదాకి ఆ ఫ్యాను మీద ఆసక్తి ఇంకా తగ్గలేదు.